ముందు కుర్చీ వెయ్యి, తర్వాత మిషన్ తియ్యి

బిడ్డా,

వచ్చే వారం నుంచి ఊళ్లో ముప్పై ఏళ్లు దాటిన వాళ్లందరికీ బీపీ చూడాలని నిన్న ఫోన్‌లో చెప్పావు. రోజుకు ఎంతమందిని చూడగలనోనని టెన్షన్ పడుతున్నట్టు నీ గొంతులోనే తెలిసింది. ఏఎన్‌ఎంగా ఇన్నేళ్లు ఇల్లిల్లూ తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా, లెక్క సంగతి తర్వాత.

వీపు ఆనుకునే కుర్చీ, చెయ్యి ఆనించడానికి బల్ల చూసుకో. చెయ్యి వేలాడదీసి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పాదాలు రెండూ నేలకు ఆనాలి. పట్టీ గుండె ఎత్తులో, చొక్కా మీద కాకుండా చర్మానికే చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే లేని బీపీ కనిపిస్తుంది, అందుకని పెద్ద పట్టీ కూడా అడిగి తీసుకెళ్లు. అరగంట లోపల చాయ్ గానీ బీడీ గానీ తాగారేమో అడుగు. మూత్రానికి వెళ్లి రమ్మను. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వు, మాట్లాడించకు. మన ఊళ్లో అదే కష్టం, కూతురి పెళ్లి సంగతి ఎత్తారంటే ఇక ఆపరు.

ఒకటి రెండు నిమిషాలు ఆగి రెండోసారి చూడు. 140/90 వచ్చినా, దాటినా "నీకు బీపీ ఉంది" అని అప్పటికప్పుడే అనెయ్యకు. మళ్లీ ఏ రోజు చూస్తావో చెప్పి, ఆ తేదీ రాసుకో. 180/110 దాటితే మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి పంపు. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. ఒక పత్తి రైతు పొలానికి పోయే తొందరలో "నాకేమైందక్కా, బానే ఉన్న" అన్నాడు. నాకూ ఇంకా పది ఇళ్లు మిగిలి ఉన్నాయి. చూడకుండానే 120/80 అని రాశాను. ఆ ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆ రోజు చూసి ఉంటే తప్పేదో లేదో నాకు తెలియదు కానీ, ఆ రిజిస్టర్ పేజీ ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది. చూడని వాళ్ల దగ్గర ఖాళీ వదిలెయ్యి. పై వాళ్లు కోప్పడితే కోప్పడనీ.

ఆడవాళ్లు పిలిస్తే వస్తారు, మగవాళ్లు దొరకరు. తెల్లవారుజామున పనికి పోకముందే వెళ్లు. ఉపాధి హామీ పని దగ్గరైతే గడ్డపార దించి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ కట్టకు, నీడన బాగా సేద తీరనివ్వు.

ఇక గోలీలు. "తల తిరగట్లేదు కదా, ఎందుకు వేసుకోవాలి" అంటారు. బీపీ చాలామందిలో ఏ గుర్తూ చూపించదని ఓపిగ్గా చెప్పు. ఒంటినొప్పులకు దుకాణంలో కొనే గోలీల గురించి తప్పకుండా అడుగు, వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి. 2017 చివర్లో దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు తొలి ఐదు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఒకటి. ఒక్కొక్కరికీ కార్డు పెట్టి, గోలీలకు రాని వాళ్లను వెతుక్కుంటూ వెళ్లడం అందులో ముఖ్యమైన పని. నువ్వూ నెలాఖరుకు ఆ కార్డులు తీసి, రాని వాళ్ల ఇళ్లకే ముందు వెళ్లు.

ఆదివారం మిషన్ తీసుకుని ఇంటికి రా. మీ పెద్దనాన్నకు చూద్దువు గానీ, గడియారం దగ్గర పెట్టుకుని.

మీ పెద్దమ్మ