ఆరోగ్య వ్యవస్థకు ఇరవై ఏళ్ల ప్రణాళిక దేనికి?

"జిల్లాకో పెద్దాసుపత్రి కడితే సరిపోదా, ఇరవై ఏళ్ల ప్లాన్ ఎందుకు?" అన్నది ప్రశ్న.

బిల్డింగ్ రెండు మూడేళ్లలో లేస్తుంది, డాక్టర్ తయారు కావద్దూ! ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, పీజీకి ఇంకో 3 ఏళ్లు. ఇవాళ సీటొచ్చిన అమ్మాయి మత్తు డాక్టరై ములుగులో సిజేరియన్ టేబుల్ పక్కన నిలబడేసరికి దాదాపు తొమ్మిదేళ్లు. ఈలోపు ప్రభుత్వాలు మారతాయి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ పెట్టింది 1959లో. అక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎం ఈనాటికీ ఆ ఫలమే తింటోంది.

జబ్బులూ మారాయి. బీపీ, షుగర్ ఒక్క సూదితో పోయేవి కావు, జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు వంద కిలోమీటర్లు. గోలీల కోసం ఒకరోజు కూలి, బస్సు కిరాయి పోగొట్టుకునేవాళ్లు మూడో నెలకు మానేస్తారు. తర్వాత పక్షవాతమో, డయాలసిసో. ఆ ఖర్చు ఆరోగ్యశ్రీ మీద పడుతుంది. వైద్యం ఊరి దగ్గరే దొరకాలనే మైదానంలో 30,000, ఏజెన్సీలో 20,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అన్న లెక్క. అసలు పీహెచ్‌సీ అన్న ఆలోచన, దేశ ఆరోగ్య వ్యవస్థ మీద 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీది.

ఇక డబ్బు. 2025కల్లా జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వ ఖర్చు అని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది, అందుకోలేదు. నన్నడిగితే, కొత్త శిలాఫలకం కన్నా ముందు పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం (నర్సమ్మ) ఖాళీ నింపాలి. కానీ దానికి రిబ్బన్ కటింగ్ ఉండదు కదా!