బిట్‌కాయినా, బంగారు గొలుసా?

ప్రశ్న: మావారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ఆరు లక్షలు మిగిలాయి. కాగితం నోటు విలువ ఏటేటా కరిగిపోతుంది, మొత్తం బిట్‌కాయిన్ అనే ఆ ఇంటర్నెట్ డబ్బులో పెడదాం అంటాడు మా అబ్బాయి. నాకేమో టి.నగర్ వెళ్ళి గొలుసు కొనుక్కుంటే నిశ్చింత అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: అమ్మా, నోటు గురించి మీ అబ్బాయి అన్నది నిజమే. 1971లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకీ బంగారానికీ ఉన్న ముడి తెంచేశాక కాగితం డబ్బంతా ప్రభుత్వాల మీద నమ్మకంతోనే నడుస్తోంది, ధరలు పెరిగేకొద్దీ దాని విలువ తగ్గుతుంది. అంతమాత్రాన ఉన్నదంతా బిట్‌కాయిన్‌లో పెట్టడానికి నేను ఒప్పుకోను. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా వెళ్ళినది కాస్తా ఏడాది తిరిగేసరికి 16 వేలకి పడిపోయింది. తర్వాత మళ్ళీ లేచింది, కానీ ఆ మధ్యలో మీవారికి ఆపరేషన్ అంటే ఏం చేస్తారు? పన్ను కూడా గట్టిదే, లాభం మీద 30 శాతం. ఇలాంటి ఒక క్రిప్టో కాయిన్‌లో యాభై వేలు వచ్చి ఇంకోదాంట్లో యాభై వేలు పోయినా, మీ చేతికి ఏమీ మిగలకపోయినా, ఆ లాభానికి 15 వేలు కట్టాల్సిందే.

ఇక గొలుసు. మా అత్తగారి వైద్యానికి నా గొలుసు అమ్మిన రోజు ఇంకా కళ్ళముందే ఉంది. షాపతను త్రాసులో పెట్టి, రాళ్ళ బరువు తీసేసి, నేను కొన్నప్పుడు కట్టిన తరుగు, మజూరీల ఊసే లేకుండా లెక్క తేల్చాడు. పన్నెండు శాతం తరుగంటే సవరం (ఎనిమిది గ్రాములు) మీద దాదాపు ఒక గ్రాము డబ్బు కొన్న రోజే పోయినట్టు, పైన 3 శాతం జీఎస్టీ. మెడలో వేసుకోవాలని ముచ్చటుంటే తప్పకుండా కొనుక్కోండి, హాల్‌మార్క్ పక్కనుండే ఆరక్షరాల నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశాకే డబ్బివ్వండి. దాచుకోవడానికైతే మాత్రం బంగారు నాణేలే మేలు. వెండి ధర బంగారం కంటే ఎక్కువ ఊగుతుంది, మీకు ఆ టెన్షన్ వద్దు.

నేనైతే నాలుగు లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ వేసి (బ్యాంకు మునిగినా 5 లక్షల దాకా బీమా ఉంది), మిగతా రెండిటికీ నాణేలు కొంటాను. మీ అబ్బాయి తన జీతంలోంచి, పోయినా ఇల్లు గడిచేంత మాత్రమే బిట్‌కాయిన్ కొనుక్కోమనండి. సొంత వాలెట్‌లో (ఫోన్‌లో బిట్‌కాయిన్ దాచుకునే యాప్‌లాంటిది) పెట్టుకుంటే దానికి తాళంచెవిలా పన్నెండో ఇరవై నాలుగో ఇంగ్లీషు మాటలు ఇస్తారు, ఫోనూ పోయి అవీ పోతే ఆ డబ్బు ఇక ఎవరూ తెచ్చివ్వలేరు. వాటిని కాగితం మీద రాయించి బీరువాలో పెట్టించండి, అది ఎక్కడుందో మీకూ తెలియాలి.