ఆ వైర్లలో కరెంటు రాదమ్మా

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. మెట్లెక్కితే ఛాతీలో బరువుగా ఉంటోందంటున్నారు. పోయిన నెల ఈసీజీ తీస్తే నార్మల్ అన్నారు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "ఒంటి నిండా వైర్లు తగిలించి కరెంటు పెడతారు, నేను రాను" అంటున్నారు. నార్మల్ వచ్చాక మళ్లీ చూపించాలా? అసలు ఆ గీతల్లో ఏముంటుంది?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు నాన్నగారి భయం తీర్చండమ్మా. కరెంటు పుట్టేది ఆయన గుండెలోనే. చర్మం దాకా వచ్చేసరికి అది కొద్ది మిల్లీవోల్టులకు మించదు. మెషిన్ దాన్ని అందుకుని కాగితం మీద గీస్తుంది, అంతే. ఈ పద్ధతిని నిలబెట్టి 1924లో నోబెల్ అందుకున్న ఐంథోవెన్ కాలంలో పేషెంట్లు చేతులూ కాలూ ఉప్పునీళ్ల తొట్టెల్లో పెట్టుకుని కూర్చునేవారు. అప్పుడు పట్టుకున్నదీ ఒంట్లోంచి వచ్చే కరెంటునే. అదెంత సన్నగా ఉంటుందంటే, పేషెంటు చలికి వణికితే చాలు గీతంతా నూగునూగుగా వస్తుంది. మేం ఫ్యాను ఆపి, దుప్పటి కప్పి, రెండు నిమిషాలాగి మళ్లీ తీస్తాం.

గీతలో మొదట కనిపించే చిన్న గుట్ట, గుండె పై గదుల్లో కరెంటు పాకినప్పటిది. ఆ వెంటనే కాస్త చదును. పై గదులకూ కింది గదులకూ మధ్య ‘ఏవీ నోడ్’ (AV node) అనే చిన్న కణుపు దగ్గర కరెంటు సెకనులో పదో వంతు ఆగుతుంది. పై గదుల్లో రక్తం కిందికి దిగడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. ఇన్నేళ్లుగా చూస్తున్నా, ఆ చదును దగ్గర నా కన్ను ఒక క్షణం ఆగుతుంది. తర్వాత నిటారుగా లేచే మొన కింది గదులది. చివరి గుట్ట, అవి మళ్లీ సిద్ధమవుతున్నప్పటిది. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి, ఒక్కో చిన్న గడి 0.04 సెకను.

ఇక నార్మల్ మాట. ఆ కాగితంలో ఉన్నది నాన్నగారు మంచం మీద పడుకున్న పది సెకన్ల సంగతి. ఆయనకు ఛాతీలో బరువు మెట్లెక్కేటప్పుడు వస్తోంది. రక్తనాళం సన్నబడినా, పడుకున్నప్పుడు గుండెకు రక్తం సరిపోవచ్చు; గీత చక్కగానే వస్తుంది. అందుకే ఈ వారంలోనే గుండె డాక్టరుకు చూపించండి. ట్రెడ్‌మిల్ (నడిపిస్తూ ఈసీజీ తీసే) పరీక్షో, ఎకోనో (గుండె స్కానింగ్) ఆయన చెబుతారు. కూర్చున్నప్పుడు కూడా ఆ బరువు వచ్చినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా ఇంకేమీ చూడకుండా 108కి ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు పాత ఈసీజీ పట్టుకెళ్లండి, కొత్తదాని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అది వేడికి అచ్చయ్యే కాగితం, రానురాను మాసిపోతుంది. ఇవాళే జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టండి.