బయెల్వా ఒడ్డుకు పోతున్న మా బిడ్డకు

బిడ్డా,

నువ్వు జులైలో ఉత్తర ధ్రువం దిక్కున ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌కు పోతున్నావని మీ బాపు నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ వరంగల్ చుట్టూ బోర్ల నీళ్లు, చెరువుల నీళ్లు, గోదావరి నీళ్లు పరీక్షిస్తూ గడిపాను. మన ఇంట్లో ఈ పని నాతోనే అయిపోతుందనుకున్నాను. ఇప్పుడు నువ్వు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, న్యూ ఓలెసుండ్ అనే ఊళ్లో మన దేశం 2008లో తెరిచిన హిమాద్రి పరిశోధన కేంద్రంలో ఉండి, గ్లేసియర్ల నుంచి వచ్చే బయెల్వా నదిలో ట్రేస్ ఎలిమెంట్లు, అంటే అతి కొద్దిగా ఉండే లోహాల్లాంటివి, చూస్తానంటున్నావు. నాకెంత గర్వంగా ఉందో రాయడం చేతకావడం లేదు. అందుకే జాగ్రత్తలు రాస్తున్నాను.

మీ అమ్మకు తెల్ల ఎలుగుబంటి భయం. ఊరు దాటేవాళ్లకు అక్కడ తుపాకి శిక్షణ ఇస్తారు, ఆ సంగతి వాళ్లు చెప్పినట్టు విను. చలి బట్టల గురించి గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం ఎన్‌సీపీఓఆర్ వాళ్లు చెప్తారు. లోహాలు సీసా గోడలకు అంటుకోకుండా శాంపిల్‌లో వేసే నైట్రిక్ యాసిడ్ విమానం సామానులో పెట్టనివ్వరు, ముందే అక్కడికి చేరేలా ఇప్పుడే మాట్లాడుకో. పాదరసం కూడా కొలిచేటట్టయితే దానికి సీసాలు వేరు, యాసిడ్ వేరు, మామూలు పాలిథీన్ సీసాలో పట్టకు.

ఇంకొకటి. న్యూ ఓలెసుండ్‌లో భూమి కదలికలు కొలిచే రేడియో యాంటెన్నాలు ఉన్నాయి. వాటికి అడ్డు రాకుండా చుట్టూ 20 కిలోమీటర్ల మేర వైఫై, బ్లూటూత్ వాడనివ్వరు. ఈ మాట మీ అమ్మకు ఇప్పుడే చెప్పు. చెప్పకుండా పోతే, ఫోన్ రాని మొదటి రోజే ఆమె టెన్షన్‌తో అన్నం మానేస్తుంది.

ఆ ఊరు కూడా ఒకప్పటి బొగ్గు ఊరే, తెలుసు కదా. 1962లో గనిలో జరిగిన ప్రమాదంలో 21 మంది పోయారు. మరుసటి ఏడాది గని మూసేశారు. గని రోజుల్లో బొగ్గు మసి ఇంట్లోకి రాకుండా బూట్లు బయట విడిచేవారట, ఆ అలవాటు అక్కడ ఇప్పటికీ ఉంది. మీ తాత గోదావరిఖనిలో డ్యూటీ దిగి వచ్చి గడప బయట బూట్లు విప్పుకునేవాడు. మీ బాపమ్మ నీళ్ల బకెట్ పట్టుకుని నిలబడేది. నువ్వు ఆ ఊళ్లో గుమ్మం దగ్గర బూట్లు విప్పినప్పుడల్లా మీ తాత నాకు గుర్తొస్తాడు, నేను ఇక్కడ హన్మకొండలో ఉన్నా సరే. కానీ ఆ గని నీ లెక్కలోకి కూడా వస్తుంది, మర్చిపోకు. పాత గని మట్టి మీదుగా వచ్చే నీళ్లు, దానికి ఎగువన పట్టిన నీళ్లు ఒకటి కావు. ఎక్కడ పట్టావో ప్రతి సీసాకూ మ్యాపులో గుర్తు పెట్టు.

నీ నదిలోకి లోహాలు ఎక్కడినుంచి వస్తాయో పోయే ముందే మనసులో స్పష్టంగా ఉండాలి. గ్లేసియర్ కింద రాళ్లు ఇసుర్రాయి కింద జొన్నల్లా నలిగి మెత్తని పిండి అవుతాయి. నలిగిన ప్రతి రేణువుకూ కొత్త ముఖం, నీళ్లు ఆ ముఖాన్నే తింటాయి. రాతిలో పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, ఉంటే గాలి, నీళ్లు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, అది చుట్టుపక్కల ఖనిజాలను కరిగిస్తుంది. ఇంత చలిలో రసాయన చర్యలు జరగవనుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట వినకు. ఇంకో దారి ఆకాశం. చలికాలమంతా యూరప్, రష్యాల నుంచి గాలిలో వచ్చిన మలినాలు మంచులో పేరుకుంటాయి. మంచు కరగడం మొదలైనప్పుడు తొలి నీళ్లే అందులోని లవణాల్లో ఎక్కువ భాగాన్ని తోసుకుపోతాయి. నువ్వు జులైలో దిగేసరికి ఆ తొలి నీళ్లు చాలావరకు పోయి ఉంటాయి, కాబట్టి నీకు దొరికే అంకెలతో ఏడాది మొత్తం గురించి మాట్లాడకు. ఏ లోహం రాతిది, ఏది గాలిది అని తేల్చాలంటే దాన్ని ఎక్కువగా రాతి నుంచే వచ్చే అల్యూమినియంతో పోల్చి చూడు. భూమి పొరలో ఉండే నిష్పత్తి కంటే బాగా ఎక్కువ ఉందంటే అప్పుడు ఆలోచించు. అయితే గాలిదని రాసే ముందు, ఆ లోహం నీ చేతి నుంచే రాలేదని రుజువు చేసుకో.

ఇక్కడ మన బోరు నీళ్లలో సీసం (లెడ్) పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, అంటే 10 పీపీబీ, వంద కోట్లలో పది వంతులు. నీ నదిలో ఒక్క పీపీబీ కూడా ఉండకపోవచ్చు. అంత తక్కువ ఉన్నచోట నీ ఒంటి మీద ఉన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని సీసంతోనే తేల్చినవాడు. ల్యాబులో ఎక్కడ చూసినా సీసమే అంటుకుంటుంటే, గదినే శుభ్రం చేయడం నేర్చుకున్నాడు. తర్వాత గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు కొలిచి, సీసం కలిపిన పెట్రోలు లోకమంతా పాకిందని చూపించాడు. మన దేశంలో ఆ పెట్రోలు 2000లో గానీ ఆగలేదు. ఆయన అంత చేయగలిగింది మొదట తన ల్యాబు మురికిని ఒప్పుకున్నందుకే.

అందుకని బిడ్డా, బాపమ్మ ఇచ్చే గాజులు, ఉంగరం, కుంకుమ పొట్లం గదిలోనే పెట్టి పో. ఆమెకు చెప్పకు, బాధపడుతుంది. కుంకుమలో సీసం ఉండొచ్చు. ఇరవై నాలుగు గంటలు ఎండ ఉంటుందని సన్‌స్క్రీన్ రాసుకుంటావు, అందులో జింక్ ఆక్సైడ్ ఉందేమో చూడు, ఉంటే నీ జింక్ అంకెలు చెత్తబుట్టకే. పౌడర్ లేని నైట్రైల్ గ్లౌజులే వేసుకో. యాసిడ్‌తో కడిగిన సీసాలను రెండు కవర్లలో పెట్టు. బయటి కవరు, సంచి, తాడు ఒకరు ముట్టాలి, సీసాను మాత్రం ఇంకొకరే ముట్టాలి. ఒంటరిగా పోయి ఈ పని చేస్తానంటే నేను ఒప్పుకోను. బ్లాంక్ కోసం, అంటే మన చేతి నుంచి, సీసాల నుంచి ఎంత మురికి కలిసిందో చూసే పోలిక శాంపిల్ కోసం, అల్ట్రాప్యూర్ నీళ్లను నది దాకా మోసుకుపోయి, అక్కడే మూత తీసి, నది నీళ్లకు చేసినవన్నీ వాటికీ చెయ్యి. గదిలో కూర్చుని చేసిన బ్లాంక్‌కు విలువ లేదు.

ఇప్పుడు అసలు మాట. కుదురుగా కూర్చుని చదువు.

1990లలో నేను చిన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు మాకు ఒక సీనియర్ ఉండేవాడు. పని రాని మనిషి కాదు, నాకు పిపెట్ పట్టడం నేర్పింది ఆయనే. ఏటూరునాగారం దిక్కు గోదావరి ఒడ్డున ఒక ఊరికి కొత్తగా నది నీళ్ల స్కీము వచ్చింది. శ్రావణ మాసం, పైనుంచి ప్రాణహిత వరద కలిసి నది ఎర్రగా పారుతున్నది. జీపు ఆలస్యంగా పోయింది. చీకటి పడుతుందని తొందరలో ఆయన సీసాలు నింపి, ఒక్కోదాంట్లో యాసిడ్ వేసి, మూత బిగించాడు. పొద్దున ల్యాబుకు వచ్చాక వడగట్టాడు.

ఆయన ఏళ్ల తరబడి బోరు నీళ్లు పట్టినవాడు. తేటగా ఉండే బోరు నీళ్లకు ఎప్పుడు యాసిడ్ వేసినా పెద్ద తేడా రాలేదు, అదే చేతికి అలవాటైంది. బురద నీళ్లలో యాసిడ్ పడితే అది మట్టి రేణువులను పట్టుకున్న ఇనుము, మాంగనీసు, అల్యూమినియం, సీసం అన్నిటినీ ఊడదీసి నీళ్లలో కలుపుతుంది. ఆ తర్వాత ఎంత వడగట్టినా లాభం లేదు. ఇనుము పరిమితికి ఎన్నో రెట్లు వచ్చింది. రిపోర్టులో ఆయన 'కరిగిన ఇనుము' అని రాసి సంతకం పెట్టాడు. స్కీము ఆపేశారు. ఆడవాళ్లు మళ్లీ బిందెలు పట్టుకుని పొలాల అవతలి చవుడు నీళ్ల బోరుకు నడిచారు.

నాకు ఆ అంకెలు నచ్చలేదు. ఇనుముతో పాటు అల్యూమినియం కూడా అదే లెక్కన పెరగడం చూసి, ఇది మట్టి అని నాకు అనిపించింది. మళ్లీ నీళ్లు పట్టడానికి అనుమతి తెచ్చేసరికి చలికాలం వచ్చేసింది. నది తేరుకుంది, అప్పటి నీళ్లు చూపించి ఏం రుజువు చేయాలి? మరుసటి వానలదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు ఒకే బకెట్ నీళ్లను రెండు భాగాలు చేశాను. ఒకటి ఒడ్డునే వడగట్టి తర్వాత యాసిడ్ వేశాను. రెండోది ఆయన చేసినట్టే చేశాను. ఆ రెండు సీసాల అంకెలు పక్కపక్కన పెడితే ఇక ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆయన ఆ కాగితం చూసి చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. ఊరికి నీళ్లు మళ్లీ వచ్చాయి. కానీ ఏడాది పాటు ఆ బిందెలు మోసిన వాళ్లలో నెలలు నిండిన ఒక అమ్మాయి ఉంది. ఆమె మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

నీ చేతికి కూడా ఎమ్మెస్సీ నుంచీ బోరు నీళ్ల అలవాటే ఉంది. బయెల్వా పాలలా తెల్లగా, రాతి పిండితో వస్తుంది. వడపోత ముందు, యాసిడ్ తర్వాత. నది ఒడ్డునే, అప్పటికప్పుడే. మట్టితో కలిపి మొత్తం లోహం కూడా కావాలంటే దానికి వేరే సీసా పట్టి, పేరు వేరే రాయి. ఆ పిండికి ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతాయి. సిరంజీని గట్టిగా నెట్టి ఇంకో పది మిల్లీలీటర్లు తీద్దామని చూడకు. మూసుకుపోయిన ఫిల్టర్ రంధ్రాలు చిన్నవై, మామూలుగా దాటే సన్నని రేణువులను ఆపేస్తాయి, ఇనుము ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. ఫిల్టర్ మార్చు. ఎక్కువ తీసుకుపో, లగేజీ బరువైతే బట్టలు తగ్గించు. ఫిల్టర్ రంధ్రం 0.45 మైక్రాన్లా, 0.2 మైక్రాన్లా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనేది ప్రతి పట్టికలో రాయి, ఎందుకంటే ఆ రెండు 'కరిగినవి' ఒకటి కావు.

చీకటి పడదు కదా అని నిద్ర మానుకుని పని చెయ్యకు. ఏప్రిల్ మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా అక్కడ సూర్యుడు దిగడు, ఒంటికి మాత్రం రాత్రి కావాలి. అలసిన చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

ఇంకొక్కటి రాయాలి. ఎలుగుబంటి కంటే నాకు నీళ్ల భయమే ఎక్కువ. మా చిన్నాయన గోదావరిలో పోయిన సంగతి నీకు సగమే తెలుసు. ఇక్కడ ఆ రోజు చినుకు కూడా లేదు. పైన మహారాష్ట్రలో వాన పడింది. మోకాలి లోతని దిగినవాడు తిరిగి రాలేదు. గ్లేసియర్ నది కూడా అంతే, వాన లేకుండానే పెరుగుతుంది. మధ్యాహ్నపు ఎండకు కరిగిన మంచు సాయంత్రానికి నదిలోకి చేరుతుంది. పొద్దున దాటిన పాయ సాయంత్రం దాటలేనంత అవుతుంది, తెల్లని నీళ్లలో అడుగు కనపడదు, ఆ చలికి కాళ్లు నిమిషాల్లో మొద్దుబారతాయి. దాటాల్సి వస్తే పొద్దున్నే దాటు. నీళ్లు పెరిగితే అవతలి ఒడ్డునే ఉండి, రేడియోలో చెప్పి, తగ్గేదాకా కూర్చో. శాంపిల్ పోతే పోనీ. ఈ ఒక్క మాట నాకు ఒట్టు వేసి చెప్పాలి.

పొద్దుటి నీళ్లు, సాయంత్రం నీళ్లు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి టైము రాయడం నీ పనికీ అవసరమే. నీళ్లు తక్కువ ఉన్నప్పుడు కరిగినవి ఎక్కువ, నీళ్లు పెరిగినప్పుడు మట్టి ఎక్కువ. అక్కడ నది ప్రవాహం కొలిచే స్టేషన్ ఉంది, ఆ లెక్కలు అడిగి తీసుకో.

వచ్చే ఆదివారం ఒకసారి ఇంటికి రా. తొలి వానలకు ఊరి వాగు బురదెక్కి ఉంటుంది. ఒక క్యాన్ నీళ్లు తెచ్చుకుందాం, నీ సిరంజీలు, ఫిల్టర్లు, గ్లౌజులు పట్టుకురా. నేను సంచి పట్టుకుంటాను, నువ్వు సీసా పట్టుకో. నేను చూస్తుండగా పది సీసాలు నింపాలి. మధ్యాహ్నానికి నీకిష్టమైన సకినాలు, పచ్చిపులుసు ఉంటాయి.

మీ అత్త
హన్మకొండ