తాలు, బోరు నీళ్లు, డ్రమ్ము డీజిల్: పికప్ బండి ప్రశ్నలకు జవాబులు

యాసంగి కోతలు మొదలైనప్పటి నుంచి ఉత్తరాలన్నీ పికప్ బండ్ల గురించే వస్తున్నాయి. నల్లగొండలో నా షెడ్డు ముందు కూడా ఇప్పుడు అవే నిలబడి ఉన్నాయి. ఎక్కువమందికి పనికొచ్చే ఐదు ప్రశ్నలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నాది 2018 మోడల్ డీజిల్ పికప్. కల్లం నుంచి ఐకేపీ కొనుగోలు కేంద్రానికి వడ్లు కొడుతున్నాను. వారం రోజులుగా మధ్యాహ్నం పూట టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. తారు రోడ్డెక్కి కాస్త స్పీడు అందుకుంటే దిగుతోంది. ఒక షెడ్డులో చూపిస్తే, రేడియేటర్ దగ్గరి వాల్వ్ తీసేస్తే అంతా సెట్ అవుతుందన్నారు. తీయించమంటారా?
– తిప్పర్తి పాఠకుడు

జవాబు: వద్దన్నా, వాల్వ్ జోలికి పోకండి. మీరు చెప్పేది థర్మోస్టాట్ వాల్వ్. ఇంజన్ కావలసినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపడమే దాని పని. అది తీసేస్తే ముల్లు కిందికి దిగుతుంది, మీకు నిమ్మళంగా ఉంటుంది. లోపల మాత్రం ఇంజన్ చల్లగానే తిరుగుతుంటుంది. డీజిల్ సరిగ్గా కాలదు, మైలేజీ పడిపోతుంది, కాలని డీజిల్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. వాల్వ్ పాడైతే కొత్తది వేయించాలి కానీ ఖాళీగా వదలకూడదు.

మీ ఉత్తరంలో ఒక మంచి గుర్తు ఉంది. రోడ్డెక్కితే ముల్లు దిగుతోందన్నారు. స్పీడులో ఎదురుగాలి తగులుతుంది కాబట్టి ఫ్యాను సరిగ్గా లేకపోయినా బండి నెట్టుకొస్తుంది. కల్లంలో, కేంద్రం దగ్గర లైనులో మెల్లగా కదిలేటప్పుడు గాలి లాగే పని మొత్తం ఫ్యానుదే. అందుకే ముందు రేడియేటర్ రెక్కలు, తర్వాత ఫ్యాను చూడండి.

ముందు గ్రిల్ దగ్గర టార్చి వేసి చూడండి. తాలు, దుమ్ము, పొట్టు చాప పరిచినట్టు పట్టి ఉంటుంది. పత్తి సీజన్‌లో మిల్లులకు బోరేలు కొట్టే బండ్లకైతే పింజలు ఇంకా దట్టంగా పడతాయి. ఏసీ ఉన్న బండిలో ఏసీ జాలి ముందుంటుంది, రేడియేటర్ దాని వెనక ఉంటుంది. చెత్తంతా ఆ రెంటి మధ్య ఇరుక్కుంటుంది, బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఇంజన్ వైపు నుంచి బయటికి మామూలు పైపుతో నీళ్లు కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గర పెట్టి కొట్టవద్దు, రెక్కలు వంగిపోతాయి. కోతలున్నన్ని రోజులు వారానికి రెండుసార్లయినా ఈ పని చేయాలి.

ఇక ఫ్యాను. మీలాంటి బండ్లకు ఫ్యాను మధ్యలో విస్కస్ కప్లింగ్ ఉంటుంది, ఇంజన్ వేడెక్కినప్పుడు ఫ్యానును పట్టి గట్టిగా తిప్పేది అదే. వేడి మీదున్న ఇంజన్‌ను ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకుని, రెక్కను చేత్తో తిప్పండి. బిగువుగా కదిలితే మంచిదే. గిరగిరా రెండు మూడు చుట్లు తిరిగితే కప్లింగ్ పోయినట్టే. బెల్టు వదులైందేమో కూడా అప్పుడే చూసుకోండి.

మీరు రాయలేదు కానీ నేను అడగాల్సిన మాట ఒకటుంది. రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నారు? మన జిల్లాలో బోరు నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే పొర రేడియేటర్ గొట్టాల్లో, ఇంజన్ పైభాగమైన హెడ్ లోపలి దారుల్లో కూడా కడుతుంది. గొట్టం సన్నబడుతుంది, వేడి బయటికి పోదు. స్పీడు మీద, చడావు మీద కూడా ముల్లు పైకి పోతుంటే అనుమానం ఈ పొర మీదికే పోవాలి. రేడియేటర్‌ను ఒకసారి ఫ్లష్ చేయించి, బండి పుస్తకంలో రాసిన రకం కూలెంట్ రెడీమిక్స్ పోయండి. లేదంటే సగం కూలెంట్, సగం బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కలపండి. ఎండాకాలంలో కూలెంట్ దేనికి, నీళ్లు చాలవా అని చాలామంది అడుగుతారు. కూలెంట్ తుప్పు పట్టనివ్వదు, నీళ్ల కంటే ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. మనకు ఎండాకాలంలోనే దాని అవసరం ఎక్కువ. రేడియేటర్ మూత రబ్బరు పగిలినా అదే బాధ. లోపల ప్రెషర్ నిలవక నీళ్లు తొందరగా మరుగుతాయి. తక్కువ ధర వస్తువు కాబట్టి అనుమానముంటే మార్చేయండి.

ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే, ఈ తప్పు నేనే చేశాను. షెడ్డు పెట్టకముందు ఆరేళ్లు ట్రాలీ నడిపాను. 2009 ఎండాకాలంలో బత్తాయి లోడుతో హైదరాబాద్ కొత్తపేట మార్కెట్‌కు పోతుంటే చౌటుప్పల్ దాటాక ముల్లు ఎర్ర గీత దాటింది. మార్కెట్ టైముకు అందుకోవాలన్న టెన్షన్‌లో గుడ్డ అడ్డం పెట్టి మూత తిప్పాను. ఆవిరి తన్ని మోచేతి దాకా కాలింది. అంతటితో ఆగకుండా క్యాన్‌లో ఉన్న చన్నీళ్లు మొత్తం ఒక్కసారే పోశాను. హెడ్ పగిలింది. కాయను వేరే బండికి మార్చి పంపితే ఆ రోజు వేలం అయిపోయింది. ఆ రైతు ముఖం నాకు ఇంకా గుర్తుంది. ముల్లు పైకి పోతే ఏసీ కట్టేయండి, పక్కకు ఆపండి. మూత దగ్గరి హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా మూత ముట్టుకోకండి. అర గంట పట్టినా, గంట పట్టినా సరే.

ప్రశ్న: ట్రాక్టర్ కోసం డ్రమ్ములో డీజిల్ తెచ్చి పెట్టుకుంటాం. పికప్‌కు కూడా అందులోంచే పోస్తాను. ఇప్పుడు పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొడితే కానీ అందుకోవడం లేదు. లోడు మీద గుంజుడు తగ్గింది. డ్యాష్‌బోర్డు మీద ఫిల్టర్ బొమ్మ, కింద చుక్కలు ఉన్న లైటు వెలుగుతోంది.
– హాలియా పాఠకుడు

జవాబు: ఆ లైటు వెలిగిందంటే ఫిల్టర్ అడుగున నీళ్లు చేరాయని అర్థం. ఇవాళే తీయండి, రేపటికి పెట్టవద్దు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందేవి) డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో, దాన్ని ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్‌లోకి పోతుంది. పంపుకు, ఇంజెక్టర్‌కు ఆ డీజిలే గ్రీజు లాంటిది. దాని స్థానంలో నీళ్లు వెళ్తే ఇనుము ఇనుమును రాసుకుంటుంది. ఫిల్టర్‌ను పట్టించుకోక ఇంజెక్టర్లు పోగొట్టుకున్న బండ్లు నా షెడ్డుకు ఏటా వస్తాయి. ఆ ఖర్చు చూసి బండి అమ్ముకున్నవాళ్లున్నారు.

రాత్రంతా కదలకుండా ఉన్న బండి అయితే మంచిది, నీళ్లన్నీ అడుక్కు దిగి ఉంటాయి. ఫిల్టర్ కింద గాజు గ్లాసు పెట్టి, అడుగున ఉన్న మరను కొంచెం వదులు చేయండి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే వస్తాయి, తర్వాత డీజిల్. గ్లాసులో రెండు పొరలు మీకే కనిపిస్తాయి. శుభ్రమైన డీజిల్ రాగానే మర బిగించండి. పైన చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. రెండు మూడు రోజుల్లో లైటు మళ్లీ వస్తే ట్యాంకే దింపి కడగాలి.

డ్రమ్మును ఆరుబయట నిలబెట్టవద్దు. వాన పడితే మూత మీద నిలిచిన నీళ్లు బిరడా సందులోంచి లోపలికి గుంజుకుంటాయి. అడుగు నుంచి జానెడు డీజిల్ బండికి వాడకండి, సన్న జాలి లేకుండా పోయకండి. బండి ట్యాంకును కూడా సగం కంటే తక్కువతో రాత్రి వదిలితే ఖాళీలో ఉన్న గాలి తేమ చల్లబడి నీరవుతుంది. సాయంత్రమే పోయించుకోవడం మేలు.

ప్రశ్న: నాది బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) పికప్. ఊళ్లోనే నీళ్ల క్యాన్లు వేస్తాను. రెండు కిలోమీటర్లకోసారి ఆపాలి. సైలెన్సర్ బొమ్మ లైటు తరచూ వస్తోంది. ఆ ఫిల్టర్ తీసేస్తే పీడా పోతుందంటున్నారు.
– జడ్చర్ల పాఠకుడు

జవాబు: అది పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది తనలోనే కాల్చుకుంటుంది. దానికి ఆరు వందల డిగ్రీల దాకా వేడి కావాలి. ఆగి ఆగి తిరిగే బండికి ఆ వేడి పుట్టదు, అందుకే నిండిపోతోంది. మీకు హైవే పక్కనే ఉంది. వారానికోసారి షాద్‌నగర్ వైపు ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా ఒకే స్పీడులో పోయి రండి. లైటు వచ్చిన వెంటనే పోతే ఇంకా మంచిది. అది దాటి ఇంజన్ లైటు కూడా వెలిగి, గుంజుడు తగ్గితే మాత్రం నడపకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

తీసేయడం చట్టానికి విరుద్ధం, ఫిట్‌నెస్ దగ్గర ఇబ్బంది. అంతకంటే ముఖ్యం, ఆ మసి మీరు క్యాన్లు దించే గల్లీల్లో పిల్లలు పీలుస్తారు. ఆయిల్ కూడా బీఎస్-6 బండికి రాసిన గ్రేడే పోయాలి. పాత రకం ఆయిల్‌లో బూడిద ఎక్కువ, అది ఫిల్టర్‌లో కాలిపోకుండా అక్కడే ఉండిపోతుంది.

మీ బండికి డెఫ్ (పొగలోని విషవాయువులను తగ్గించే ద్రవం) ట్యాంకు ఉంటే ఇంకో మాట. డెఫ్‌లో 32.5 శాతం యూరియా ఉంటుందని విని, పొలానికి తెచ్చిన బస్తాలోది నీళ్లలో కలిపి పోసినవాళ్లున్నారు. 2015 నుంచి మన దగ్గర దొరికే పొలం యూరియాకు వేపనూనె పూత ఉంటోంది. ఆ నూనె, మలినాలు కలిసి సైలెన్సర్ లోపలి సామాన్లన్నీ పాడుచేస్తాయి.

ప్రశ్న: శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందా?
– అచ్చంపేట పాఠకుడు

జవాబు: మిగలదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే కామన్ రైల్ బండిలో డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ తాగుతుంది. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో లోడు మొత్తం బ్రేకుల మీదే పడితే అవి కాలి, తొక్కినా పట్టవు. ఎక్కడానికి ఏ గేరు వేస్తారో దిగడానికీ అదే వేయండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

ప్రశ్న: మేం అప్పు చేసి పాత పికప్ కొన్నాం. మా ఆయన కూరగాయలు తోలుతారు. రాత్రి వచ్చి అలసిపోయి పడుకుంటారు, తెల్లారక ముందే పోతారు. ఆయన బయల్దేరే లోపు నేను చూడగలిగేవి ఏమైనా ఉన్నాయా?
– దేవరకొండ పాఠకురాలు

జవాబు: ఉన్నాయక్కా, పది నిమిషాలు చాలు. బండి సమంగా ఉన్నచోట, ఇంజన్ స్టార్ట్ చేయకముందు ఆయిల్ గేజీ తీసి తుడిచి, మళ్లీ దించి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. డీజిల్ బండి ఆయిల్ మార్చిన రెండో రోజే నల్లబడుతుంది, దానికి భయపడకండి. మజ్జిగ రంగులో నురగగా కనిపిస్తే మాత్రం బండి కదలనివ్వద్దు, నీళ్లు కలిశాయని గుర్తు. తర్వాత తెల్ల డబ్బాలో కూలెంట్ గీత చూడండి. బండి కింద నేల మీద కొత్త మరక ఉందేమో, టైర్లలో గాలి తగ్గిందేమో, చక్రాల నట్లు అన్నీ ఉన్నాయో లేదో చూడండి. వెనక కమాన్‌పట్టీలకు టార్చి వేసి పగులు కోసం వెతకండి. పగిలిన చోట ఇనుము కొత్తగా మెరుస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ మాత్రం రోజూ విప్పవద్దు. వారానికోసారి చాలు. లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టించాలి, నీళ్లతో కడగకూడదు. ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండి పుస్తకంలో ఉంటుంది. మట్టి రోడ్లు, బరువు కాబట్టి అంతకు ముందే మార్పించండి, ఫిల్టర్ కూడా దాంతోపాటే. పాత బండి కాబట్టి గత యజమాని ఏం చేయించాడో తెలియదు. అన్ని ఆయిళ్లు, ఫిల్టర్లు, బెల్టులు ఒకసారి మార్పించి, ఆ రోజు తేదీ, మీటర్ రీడింగ్ ఒక నోట్‌బుక్‌లో రాయండి. కూరగాయల లెక్క రాసే పుస్తకంలో కాకుండా వేరేది పెట్టి, బండిలోనే ఉంచండి.