ఉట్టి దీపమా, హుండీ ల్యాంపా, లస్తరా?

సందేహం: మా మిద్దె నడవలో దూలానికి ఒక గాజు దీపం వేలాడుతోంది. లేత నీలం రంగు, గుండ్రటి పొట్ట, మూడు ఇత్తడి గొలుసులు, పైన బోర్లించిన చిన్న గాజు పళ్లెం. మా అత్తగారు దాన్ని ఉట్టి దీపం అనేవారు. మావాడేమో అది పల్లెటూరి మాట, షాండ్లియర్ అనాలంటాడు. పాత సామాన్లు కొనే అతను హుండీ ల్యాంప్ అన్నాడు. పక్కింటివాళ్లు లస్తరు అంటారు. ఏది సరైన మాట? ఇంకో సంగతి, కొవ్వొత్తి అనాలా, కొవ్వువత్తి అనాలా? (కందుకూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందే చెప్పేస్తాను, మీ అత్తగారి మాటే సరైనది. పల్లెటూరి మాట అని మీ అబ్బాయి తీసిపారేశాడు గానీ, మిగతా మూడింటికన్నా ఆ వస్తువును సరిగ్గా చూసి పెట్టిన పేరు అదే.

ఎందుకో చెప్పాలంటే వస్తువు దగ్గరికే వెళ్లాలి. దించి, తుడిచి, లోపల కూడా కనపడేట్టు ఫొటోలు తీయమంటే ఓపిగ్గా తీసి పంపారు. అందులో గాజు కుండ అంచుకు ఇత్తడి పట్టీ, పట్టీకి మూడు చెవులు, ఒక్కో చెవికి ఒక్కో గొలుసు, మూడూ పైన ఒకే కొక్కేనికి చేరాయి. ఒక గొలుసు ఎప్పుడో తెగితే ఇనప తీగతో కట్టారు, అదీ కనిపిస్తోంది. కుండ అడుగున వేలెడు గొట్టం, దాని చుట్టూ తెల్లగా గడ్డకట్టిన మైనం. ఇక అనుమానమే లేదు, అది కొవ్వొత్తి కోసం చేసిందే, నూనె దీపం కాదు. గాజులో నువ్వుగింజంత గాలి బుడగ కూడా ఉంది. దాన్ని లోపం అనుకోకండి, నోటితో ఊది చేసిన పాత గాజులో అలాంటివి మామూలే. పైన ఉన్న పళ్లెం మూత కాదు, మంటకు జానెడు ఎత్తున వేలాడుతూ పొగను పట్టి దూలానికి మసి అంటకుండా చూస్తుంది. ఇంగ్లీషులో దానికి విడిగా పేరుంది, మనం పొగ పళ్లెం అంటే సరిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో ఉట్టి ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. మూడో నాలుగో తాళ్లు, అవన్నీ పైన ఒక ముడికి చేరతాయి, కింద పెరుగు కుండో వెన్న కుండో కూర్చుంటుంది, పిల్లికీ పిల్లలకీ అందదు. తాళ్ల చోట గొలుసులు, మట్టి కుండ చోట గాజు కుండ, పెరుగు చోట దీపం పెట్టి చూడండి. మీ అత్తగారు చూసింది అదే. పేరు ఎవరో నేర్పితే వచ్చింది కాదు, కంటికి కనిపించింది నోటికి వచ్చింది. తెలుగులో మంచి మాటలు చాలా వరకు ఇలాగే పుట్టాయి.

ఇక సామాన్లు కొనే అతని మాట. అతను అబద్ధం చెప్పలేదు, కానీ ఆ మాట అతని దగ్గరికి వంకరగా చేరింది. ఈ రకం దీపాలు 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దమంతా ఇంగ్లండులో తయారయ్యాయి, మన దేశానికి ఓడల్లో వచ్చాయి. ఇక్కడివాళ్లు వాటి ఆకారం చూసి హండీ అన్నారు. హండీ అంటే హిందీలో కుండ. హోటల్లో హండీ బిర్యానీ అని తెప్పించుకుంటామే, అదే మాట. నీళ్లు కాచుకునే అండా కూడా దీనికి చుట్టమే. ఇంగ్లీషువాళ్లు మన అకారాన్ని తరచూ 'యు' అక్షరంతో రాసేవాళ్లు, పంజాబ్‌ని ఇప్పటికీ అలాగే రాస్తున్నారు కదా, హండీని కూడా అలాగే రాశారు. దాన్ని మనవాళ్లు మళ్లీ తెలుగులోకి చదివేసరికి హుండీ అయి కూర్చుంది! రంగనాయకుల గుడిలో ముడుపులు వేసే హుండీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కాబట్టి హండీ దీపం అంటే ఒప్పు, హుండీ దీపం అంటే తప్పు. ఉట్టిలో కూర్చునేదీ కుండే, హండీ అన్నా కుండే, హిందీవాళ్లు పొట్టను చూశారు, మీ అత్తగారు అది వేలాడే తీరును చూశారు.

లస్తరు వేరు, షాండ్లియర్ కూడా ఇది కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన లస్తరు అన్న మాటను మనం కొమ్మలు కొమ్మలుగా చాచి, గాజు బిళ్లలు గుత్తులుగా వేలాడే పెద్ద దీపానికి వాడతాం. షాండ్లియర్ కూడా అదే. ఆ మాట లోపలే కొవ్వొత్తి ఉంది, ఫ్రెంచిలో షాందెల్ అంటే కొవ్వొత్తి, ఇంగ్లీషు క్యాండిల్‌కీ దానికీ తల్లి ఒకటే, లాటిన్ కాండేలా. మీ దీపానికి కొమ్మలు లేవు, ఒకే గిన్నె, ఒకే వత్తి. లాంతరు అనీ అనొద్దు, తెలుగులో లాంతరు అంటే నాలుగు పక్కలా మూసి, పట్టుకుని నడవడానికి పిడి ఉన్నదే మనసుకు వస్తుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఫానూస్ అంటారు, గాలికి ఆరకుండా గాజు కప్పు ఉన్న దీపాలకు అది వాడుక, మీ దానికీ చెల్లుతుంది.

గాజు అన్నాను కాబట్టి ఇంకొకటి. నెల్లూరు దగ్గర గూడూరు, రాపూరు వైపు అబ్రకం (మైకా) గనులున్నాయి, పాత దీపాల చిమ్నీలకు అబ్రకం రేకులు కూడా వాడేవాళ్లు. పాత సామాన్లలో అలాంటిది కనపడితే గాజనుకుని గట్టిగా తోమకండి, పొరలు పొరలుగా లేచిపోతుంది.

కంపెనీ పేరు గురించి కూడా జాగ్రత్త. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1807లో మొదలైన ఆస్లర్ అనే గాజు కంపెనీ వాళ్లు 1840లలో కలకత్తాలో షాపు పెట్టారు, అందుకని పాత గాజు దీపం కనపడితే చాలు ఆస్లర్ అనో బెల్జియం గాజు అనో అనేస్తారు. మీ ఫొటోల్లో ఏ ముద్రా లేదు. ముద్ర లేనిదానికి ఏదో ఒక పేరు అంటగట్టి అమ్మడం నాకు నచ్చదు, కొనేవాడు అలా అని ధర కడితే నమ్మొద్దు.

రెండో సందేహం. కొవ్వొత్తి సరైన రూపం. సంస్కృతం వర్తి మనకు వత్తి అయింది, వాడుకలో ఒత్తి కూడా ఉంది. కొవ్వు, ఒత్తి కలిస్తే ఉత్వ సంధితో కొవ్వొత్తి. కొవ్వువత్తి అంటే అర్థం చెడదు గానీ ఎవరూ అనరు. వెనక జంతువుల కొవ్వుతో చేసేవాళ్లు కాబట్టి ఆ పేరు, ఇప్పుడు దుకాణంలో కొనేది ఎక్కువగా పెట్రోలియం మైనం, అయినా పేరు మార్చక్కర్లేదు.

మీ అబ్బాయి ఇంగ్లీషులో రాయాలనుకుంటే బెల్ జార్ లాంటర్న్ అని రాయమనండి, అక్కడ అదే వాడుక. తెలుగులో మాత్రం ఇలా రాయండి: ఉట్టి దీపం, నీలం గాజుది, మూడు గొలుసులు, కొవ్వొత్తి పెట్టేది. ఆ ఇనప తీగ తీయించి ఇత్తడి గొలుసు వేయించాకే మళ్లీ దూలానికి తగిలించండి.