మీ ప్రశ్నలు – మా జవాబులు: సర్టిఫికెట్‌లో ఒక మతం, మందిరంలో మరో మతం

ప్రశ్న: నాకు ఇరవై రెండేళ్లు. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. ఇంటిల్లిపాదీ విశ్వాసులమే గాని, మా కుల ధ్రువీకరణ పత్రాల్లో మొదటినుండీ 'హిందూ – మాదిగ' అనే ఉంది. ఈ మధ్య నా సర్టిఫికెట్ విచారణకు వి.ఆర్.ఓ. గారు వస్తున్నారని తెలిసి, నాన్నగారు గుమ్మం మీది 'క్రీస్తే ఈ గృహాధిపతి' అన్న పలకను తీసి బీరువా వెనుక పెట్టారు. "అది కాగితం, విశ్వాసం హృదయంలో ఉంటుంది. నయమాను రిమ్మోను గుడిలో వంగలేదా?" అంటున్నారు. ఆ సర్టిఫికెట్‌తో గ్రూప్-2కు దరఖాస్తు చేయడం పాపమా?
– ఒక యువ విశ్వాసి, ప్రకాశం జిల్లా

జవాబు: ముందుగా మీ నాన్నగారి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయనను ఈ ఇరకాటంలో పెట్టింది చట్టమే. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వులోని మూడవ పేరా హిందువులకు తప్ప ఇతరులకు ఎస్సీ హోదా లేదన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు గాని, క్రైస్తవులను, ముస్లింలను నేటికీ బయటే ఉంచారు. క్రైస్తవంలో కులం లేదు గనుక అంటరానితనమూ ఉండదన్నది దీనికి చెప్పే కారణం. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు మాదిగపల్లె లేచివచ్చి ఊరి నడుమ కూర్చోదని తెలుగునాట పుట్టిన ఎవరికైనా తెలుసు. ఈ పేరాను తొలగించాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది; దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానమూ చేసింది. చట్టం అన్యాయంగా ఉన్నదనే నేనూ నమ్ముతున్నాను. దానిని మార్చమని కోరడం అవిశ్వాసమేమీ కాదు. కొరడాతో కొట్టబోయినప్పుడు అపొస్తలుడైన పౌలు తన రోమా పౌరసత్వాన్ని గుర్తుచేశాడు, చివరికి కైసరు ఎదుటనే చెప్పుకొంటానన్నాడు.

అయితే పౌలు తనకు నిజంగా ఉన్న హక్కునే అడిగాడు. తాను క్రీస్తువాడిని కానని ఎక్కడా అనలేదు. మీ విషయంలో చిక్కు ఇక్కడే ఉంది. దరఖాస్తులో 'హిందూ' అని రాసి సంతకం చేయడమంటే, మనుష్యుల ఎదుట నన్ను ఒప్పుకొమ్మన్న ప్రభువు మాటకు విరుద్ధంగా, ఆ ఒక్కచోట ఆయనను ఎరుగనని చెప్పడమే అవుతుంది. ఇక నయమాను సంగతి. అతడు యెహోవా వల్ల కుష్ఠు బాగుపడిన సిరియా సేనాధిపతి. రాజు రిమ్మోను గుడికి వెళ్లినప్పుడు ఆయనకు చేయి ఆసరాగా ఇచ్చే ఉద్యోగిగా తానూ వంగవలసి వస్తుందని, ఎవరూ అడగకముందే అతడు ప్రవక్త ఎలీషాకు విన్నవించుకున్నాడు. అంతకుముందే, ఇకమీదట యెహోవాకు తప్ప మరే దేవునికీ బలి అర్పించనని తేల్చిచెప్పాడు. అతడు దాచిపెట్టినదేమీ లేదు, కొత్తగా సంపాదించినదీ లేదు. పలకను బీరువా వెనుక దాచడానికి ఆ కథ ఆధారం కాదు. కాకపోతే ఎలీషా అతణ్ణి గద్దించక సమాధానంతో సాగనంపాడు. మీరు మీ నాన్నగారితో మాట్లాడే తీరు కూడా అలాగే ఉండాలి.

సర్టిఫికెట్ కోసం విశ్వాసాన్ని దాచడాన్ని పాములవంటి వివేకమని వేదిక ఎక్కి సమర్థించే బోధకులున్నారు. విశ్వాసులకు వారు మేలు చేయడం లేదు. బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలై ఉండి, ఉద్యోగం కోసం హిందూ ఎస్సీ సర్టిఫికెట్ కోరిన పుదుచ్చేరి అభ్యర్థి కేసులో, కేవలం రిజర్వేషన్ కోసం ఇలా చేయడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు 2024 నవంబరులో అన్నది. ఎస్సీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా సరే, ఏళ్ల తరబడి పాస్టరుగా ఉన్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో మన హైకోర్టు చెప్పింది.

మీ జిల్లా చరిత్రనే ఒకసారి తలచుకోండి. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి, గింజ దొరికేలా చేశారు. కాని కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపివేశారు. సాయం ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగి లేచారు. బాప్తిస్మమిచ్చినవారు మన తెలుగు బోధకులే. ఆ వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. లాభం కోసం విశ్వాసంలోకి రానివారి మనుమలు, మునిమనుమలు లాభం కోసం దానిని దాచుకొనడం నాకు బాధగా ఉంది.

ఇక చేయవలసినది. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలకూ వారి సంతతికీ మన రాష్ట్రంలో బీసీ-సి వర్గముంది. తహసీల్దారు కార్యాలయంలో ఆ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. ఎస్సీలకు 15 శాతముంటే దానికున్నది 1 శాతమే. నష్టం చిన్నదని మిమ్మల్ని మభ్యపెట్టను. మీ సంఘ పెద్దలు కూడా ప్రార్థనతో సరిపెట్టక, ఇలాంటి పిల్లల కోచింగ్ ఫీజుకు కానుకల్లో కొంత కేటాయించాలి. మందిరానికి కొత్త సౌండ్ సిస్టమ్ మరో ఏడాది ఆగవచ్చు.

ప్రశ్న: మాది మాల క్రైస్తవ కుటుంబం. మా అమ్మాయికి వచ్చిన సంబంధం మంచిదే, అబ్బాయి ప్రార్థనాపరుడు, ఉద్యోగస్థుడు. మాదిగలని బంధువులు వద్దంటున్నారు. ఏమి చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, పై జవాబు చదివిన హైందవ మిత్రుడెవరైనా మనల్ని అడగగల ప్రశ్న ఇదే. ఆదివారం క్రీస్తునందు అందరూ ఒక్కటేనని గలతీ పత్రిక చదువుతాం, సోమవారం 'క్రిస్టియన్ రెడ్డి', 'క్రిస్టియన్ మాల' అంటూ వధూవరుల ప్రకటన ఇస్తాం. ఊరు మనమీద రుద్దిన వివక్షకు పరిహారం అడగడం న్యాయం. ఆ వివక్షనే మనం మరొకరిమీద రుద్దడానికి ఏ న్యాయమూ లేదు. సంప్రదాయాన్ని గౌరవించేవాణ్ణే నేను. పెద్దల సమ్మతి లేని పెళ్లిళ్లను ప్రోత్సహించను. కాని పెద్దల అభ్యంతరానికి వాక్యంలో ఆధారముండాలి. అవిశ్వాసులతో జోడు కట్టవద్దని రెండవ కొరింథీ పత్రికలో ఉంది, కులం మాట అందులో లేదు. ఆ బంధువులను మీ సంఘ కాపరి ఎదుట కూర్చోబెట్టి ఆధారం చూపమనండి. చూపలేకపోతే అబ్బాయి తల్లిదండ్రులను పిలిచి నిశ్చితార్థానికి తారీఖు మాట్లాడుకోండి.